నేరం ఆమెది, కథ అతనిది

శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫీసు. సెక్రటరీ లోపలికి వచ్చి తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడుతుంది. ఎవరో అమ్మాయి కలవాలంటోందని చెబుతుంది. కస్టమరా అని అడుగుతాడు అతను. అయ్యే ఉంటుంది, కాకపోయినా చూడాల్సిన మనిషే, అంత బావుంది అంటుంది. తర్వాత లోపలికి వచ్చినామెకు నీలి కళ్లు, ఆ కళ్లకు తగ్గట్టు రెండు ఛాయల నీలం బట్టలు, బెదురు చూపు. చెల్లెలు ఎవడితోనో వెళ్లిపోయిందని, వెతికిపెట్టమని అడుగుతుంది. చెల్లెలూ లేదు, ఆమె చెప్పిన పేరూ నిజం కాదు. ఆ రాత్రే డిటెక్టివ్ పార్ట్‌నర్ ఒక సందులో తుపాకీ గుండుకు బలవుతాడు. చంపింది ఆమేనని తెలియడానికి పుస్తకం చివరిదాకా ఆగాలి.

ఇది డాషియల్ హామెట్ రాసిన 'ద మాల్టీస్ ఫాల్కన్'. పుస్తకంగా వచ్చింది 1930లో. ఆ తర్వాత ఎన్ని నవలల్లో, ఎన్ని సినిమాల్లో ఆ తలుపు అలాగే తెరుచుకుందో లెక్కలేదు. ఈ రోజు ఆ దృశ్యం చూస్తే నవ్వొస్తుంది. ఎర్ర లిప్‌స్టిక్, సిగరెట్ పొగ, కిటికీ చట్రాల నీడలు గోడ మీద పడటం... ఎవరైనా పేరడీ చేయాలనుకుంటే సరంజామా అంతా సిద్ధంగా ఉంటుంది. అంత అరిగిపోయింది. అయితే అది అరిగిపోక ముందు ఏం పని చేసేదో చూడాలి. హార్డ్‌బాయిల్డ్ కథల్లో ఆడవాళ్లను చెడ్డగా చూపించారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అందులో సగమే. మాయలాడి అన్న మూస ఆ కథలకు పైన పూసిన రంగు కాదు. ఆ కథ నడవడానికి పెట్టుకున్న ఇంజను అది.

హార్డ్‌బాయిల్డ్ అంటే గట్టిగా ఉడకబెట్టిన గుడ్డు. పైన పెంకు, లోపల కూడా మెత్తదనం మిగలనిది. ఆ పేరుతో పిలిచే డిటెక్టివ్ కథలు అమెరికాలో 'బ్లాక్ మాస్క్' అనే చౌక పత్రికలో ఊపిరి పోసుకున్నాయి. 1920లో హెచ్. ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నేథన్ దాన్ని మొదలుపెట్టారు. 1922లో కారల్ జాన్ డేలీ, అదే ఏడాది హామెట్ ఇందులో రాయడం ప్రారంభించారు. 1926లో జోసెఫ్ షా ఎడిటర్ కుర్చీలో కూర్చున్నాక పత్రికకు ఒక గొంతు వచ్చింది. పొట్టి వాక్యాలు, వీధి భాష, డబ్బు తిన్న పోలీసులు, మద్య నిషేధంలో బలిసిన ముఠాలు. రేమండ్ ఛాండ్లర్ కూడా అక్కడే చేయి తిప్పుకుని, 1939లో 'ద బిగ్ స్లీప్' నవలతో బయటికొచ్చాడు.

అంతకు ముందు ఇంగ్లండ్ తరహా డిటెక్టివ్ కథ ఒక పజిల్. పెద్ద బంగళా, పది మంది అతిథులు, లైబ్రరీలో శవం. డిటెక్టివ్ సిగరెట్ బూడిద చూస్తాడు, గడియారం ఎప్పుడు ఆగిందో చూస్తాడు, చివర్లో అందరినీ హాల్లో కూర్చోబెట్టి ముడి విప్పుతాడు. అతని మనసుకు ఏమీ కాదు. హామెట్, ఛాండ్లర్‌ల డిటెక్టివ్‌కు బూడిదతో పని తక్కువ. అతను మనుషుల దగ్గరికి వెళతాడు, వాళ్లు చెప్పేది వింటాడు, ఎవరిని నమ్మాలో తేల్చుకోవాలి. తప్పుగా నమ్మితే తల పగులుతుంది. అంటే సస్పెన్స్ 'ఎవరు చంపారు' అన్న ప్రశ్న నుంచి 'ఇతను పడిపోతాడా, నిలబడతాడా' అన్న ప్రశ్నకు జరిగింది. ఇక్కడే ఆడమనిషి అవసరం పడింది. డబ్బు చూపిస్తే లొంగడు, కొడితే లొంగడు, పోలీసులు బెదిరించినా లొంగడు. మరి అతనికి అసలైన పరీక్ష ఏది? ప్రేమ. ఆ పరీక్ష గట్టిగా ఉండాలంటే ఆమె చాలా అందంగా ఉండాలి, అతను నిజంగానే ఇష్టపడాలి, చివరికి ఆమే దోషి కావాలి. ఈ లెక్క ప్రకారం మాయలాడి ముందు పుట్టదు. మగాడి పరీక్ష ముందు పుడుతుంది, ప్రశ్నపత్రంగా ఆమెను తర్వాత తయారు చేస్తారు.

ఛాండ్లర్ తొలి నాలుగు నవలలు వరసగా తీసుకుంటే చాలు. 'ద బిగ్ స్లీప్', 'ఫేర్‌వెల్, మై లవ్లీ', 'ద హై విండో', 'ద లేడీ ఇన్ ద లేక్'. నాలుగింటిలోనూ కథకు మూలమైన హత్య వెనక ఉన్నది స్త్రీయే. ఒకసారైతే కాకతాళీయం అనుకోవచ్చు. నాలుగుసార్లు జరిగితే అది ఫార్ములా.

మళ్లీ హామెట్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అతను ఫార్ములా తయారు చేస్తూనే దానికి బీట కూడా పెట్టాడు. 'ద మాల్టీస్ ఫాల్కన్' చివర్లో సామ్ స్పేడ్ ఆ నీలి కళ్ల బ్రిజిడ్ ఓషానెసీని పోలీసులకు అప్పగిస్తాడు. అప్పగించే ముందు కారణాలు ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు. పార్ట్‌నర్ చచ్చిపోతే మనిషన్నవాడు ఏదో ఒకటి చేయాలి. వదిలేస్తే వృత్తికి చెడ్డపేరు. ఆమె చేతిలో వెర్రివాడు కాకూడదు. నీతి పాఠంలా వినిపిస్తుంది గానీ, ఆ పార్ట్‌నర్ భార్య ఐవాతో సంబంధం పెట్టుకున్నది స్పేడే. పార్ట్‌నర్ బతికుండగా అతన్ని మోసం చేసినవాడు, చచ్చాక అతని తరఫున న్యాయం అడుగుతున్నాడు. ఆమె చేసిన మోసానికి శిక్ష ఉంది, అతను చేసిన దానికి పేరు కూడా లేదు.

దీనికి కొంచెం ముందు ఇంకో సంఘటన. వెయ్యి డాలర్ల నోటు ఒకటి కనబడకుండా పోతుంది. బ్రిజిడ్ తీసిందని గట్‌మన్ అనే లావుపాటి పెద్దమనిషి అంటాడు. స్పేడ్ ఆమెను బాత్రూంలోకి తీసుకెళ్లి బట్టలన్నీ విప్పించి వెతుకుతాడు. ఇలా చేస్తే మన మధ్య ఏదో చచ్చిపోతుందని ఆమె చెబుతుంది, అయినా ఆగడు. నోటు ఆమె దగ్గర లేదు. గట్‌మనే చేతివాటంతో దాచాడు. అంటే ఆ క్షణానికి నిజం చెప్పింది ఆమె, అబద్ధం ఆడింది మగాడు. పాఠకుడు ఆ సంగతి గుర్తుపెట్టుకునేలోపే కథ ముందుకు దూకేస్తుంది.

అసలు బీట చివరి పేజీలో ఉంది. సోమవారం ఉదయం. సెక్రటరీ ఎఫీ పెరీన్ పేపర్లో వార్త చదివి కూర్చుని ఉంటుంది. మొదట్నుంచీ ఆ అమ్మాయి మంచిదేనని ఎఫీ అంటూ వచ్చింది. స్పేడ్ లోపలికి వస్తూనే, ఇదేనా మీ ఆడవాళ్ల మనసు పసిగట్టడం అని ఎగతాళి చేస్తాడు. ఆమె నవ్వదు. నువ్వే చేశావా ఆమెకి ఇలా అని అడుగుతుంది. నీ సామ్ డిటెక్టివ్ కదా అంటూ నడుం చుట్టూ చేయి వేస్తాడు. చేయి విడిపించుకుని పక్కకు తప్పుకుంటుంది. నువ్వు చేసింది సరైనదేనని తెలుసు, అయినా ఇప్పుడు మాత్రం ముట్టుకోకు అంటుంది. స్పేడ్ ముఖం అతని చొక్కా కాలర్ అంత తెల్లగా పాలిపోతుంది. అంతలో బయట తలుపు చప్పుడు. ఎఫీ వెళ్లి చూసి వచ్చి, ఐవా వచ్చిందని చెబుతుంది. స్పేడ్‌కు ఒళ్లు జలదరిస్తుంది. పంపించు అంటాడు. అంతే, నవల అయిపోయింది.

వగలాడిని జయించిన మగాడికి బహుమతిగా దొరికింది ఇదీ. నమ్మకస్తురాలు ముట్టుకోనివ్వలేదు, వదిలించుకోవాలనుకున్న మనిషి గుమ్మంలో నిలబడింది. హామెట్ ఈ పుస్తకాన్ని ప్రథమ పురుషలో, కెమెరా పెట్టినట్టు రాశాడు. స్పేడ్ లోపల ఏమనుకుంటున్నాడో ఒక్క వాక్యంలో కూడా చెప్పడు. అందుకే పాఠకుడు స్పేడ్ పక్షాన చేరిపోకుండా, అవతల నిలబడి అతని ముఖం పాలిపోవడం చూడగలుగుతాడు.

ఛాండ్లర్ దగ్గర ఆ వీలు లేదు. అతని డిటెక్టివ్ ఫిలిప్ మార్లో తన కథ తానే చెబుతాడు. అతని కళ్లు తప్ప వేరే కళ్లు లేవు. ఒక ఆడమనిషి గదిలోకి రాగానే కాళ్లు, జుట్టు, పెదాలు, తర్వాత ఒక చురకలాంటి ఉపమానం. ఆ ఉపమానాలు ఎంత బావుంటాయంటే, అవి తీర్పులని గుర్తించే ముందే పాఠకుడు నవ్వేస్తాడు. శైలి చేసే మోసం మాయలాడి చేసే మోసం కన్నా తక్కువేం కాదు.

'ద బిగ్ స్లీప్' మొదటి పేజీలో, స్టెర్న్‌వుడ్ భవనం గుమ్మం మీద రంగు అద్దాల బొమ్మ ఒకటి ఉంటుంది. కవచం తొడుక్కున్న వీరుడొకడు చెట్టుకు కట్టేసిన స్త్రీని విడిపించబోతున్నాడు. ఆమె ఒంటి మీద బట్టలు లేవు, పొడవాటి జుట్టే కప్పుకుంది. వీరుడు తాళ్లతో తంటాలు పడుతున్నాడే తప్ప పని జరగట్లేదు. ఈ ఇంట్లో ఉంటే ఎప్పటికైనా పైకెక్కి సాయం చేయాల్సి వచ్చేట్టుంది అనుకుంటాడు మార్లో. జోకే, కానీ నవలంతా అందులో ఉంది. ఆడమనిషి అంటే కట్టేసి ఉన్నది, తన అంతట తాను విడిపించుకోలేనిది. మగాడి పని తాళ్లు విప్పడం.

ఆ బొమ్మ నవల మధ్యలో తలకిందులవుతుంది. స్టెర్న్‌వుడ్ ఇంటి చిన్న కూతురు కార్మెన్ మార్లో గదిలోకి దూరి, బట్టల్లేకుండా అతని పరుపు మీద పడుకుని ఉంటుంది. మార్లో చదరంగం బల్ల దగ్గరికి వెళ్లి గుర్రాన్ని కదుపుతాడు. ఇంగ్లీషు చదరంగంలో గుర్రాన్ని వీరుడి పేరుతోనే పిలుస్తారు. ఆ ఎత్తు తప్పని గ్రహించి వెనక్కి పెడతాడు. ఈ ఆటలో వీరులకు పనిలేదు అనుకుంటాడు. ఆమెను బయటికి పంపేశాక పక్కబట్టలన్నీ కసిగా పీకి పారేస్తాడు. తన పుస్తకాలు, రేడియో, చదరంగం పావులు, కొన్ని పాత ఉత్తరాలు. ఇల్లు అనడానికి ఉన్నదల్లా ఆ గది ఒక్కటే, అందులోకి ఆమె వచ్చింది. ఆడవాళ్లంటే వికారం పుట్టిందని మర్నాడు పొద్దున్న అనుకుంటాడు.

చాలామంది విమర్శకులు ఇక్కడ స్త్రీ ద్వేషం చూశారు, చూడాల్సిందే. దానితో పాటు మగ మూస ఎంత ఇరుకైనదో కూడా ఇక్కడే బయటపడుతుంది. ఒక్క గది, ఒక చదరంగం బల్ల, అవతల ఆడటానికి మనిషి లేని ఆట. స్నేహితుడు లేడు, ఇల్లాలు లేదు, అమ్మానాన్నల ఊసు లేదు. ఎవరైనా దగ్గరికి వస్తే అది దాడిలా అనిపిస్తుంది. ఏడవకూడదు, భయపడినట్టు కనబడకూడదు, ఎవరి మీదా ఆధారపడకూడదు. ఈ నియమాలన్నీ పాటించగలిగినవాడు బతికున్న రాయి. రాయి కాలేకపోయిన ప్రతిసారీ తప్పు ఎదుటి ఆడమనిషి మీదికి వెళుతుంది.

ఛాండ్లర్ 1944లో అట్లాంటిక్ మంత్లీలో రాసిన వ్యాసంలో తన హీరో ఎలా ఉండాలో వివరించాడు. ఆ నీచమైన వీధుల్లో నడిచే మనిషి తాను నీచుడు కాకూడదన్న మాటను అందరూ ఉదహరిస్తారు. దాని తర్వాత వచ్చే మాటను అంతగా పట్టించుకోరు. అతని సొంత జీవితం గురించి పెద్దగా ఆసక్తి లేదంటూనే, ఒక జమీందారీ దొరసానిని లోబరచుకుంటే లోబరచుకోవచ్చేమో గానీ ఒక కన్యను మాత్రం చెడగొట్టడు అంటాడు. అంత పెద్ద వ్యాసంలో ఆదర్శ పురుషుడి పక్కన చోటు దొరికిన స్త్రీలు రెండే రకాలు. ఒకరు అనుభవించదగినవారు, ఇంకొకరు కాపాడదగినవారు. కలిసి పనిచేసే స్త్రీ, వాదించే స్త్రీ, అతని తప్పు అతనికి చూపించే స్త్రీ ఆ వాక్యంలోకి రాలేదు.

మరి తప్పు ఎవరి ఖాతాలో పడుతుందో చూస్తే ఇంకా ఆశ్చర్యం. 'ద బిగ్ స్లీప్'లో ఎడ్డీ మార్స్ అనే జూదగృహం యజమాని ఉంటాడు. బ్లాక్‌మెయిల్ అతనిది, అద్దె హంతకుడు అతనివాడే. కథ ముగిసేసరికి అతనికి ఏమీ కాదు. అసలు నేరస్తురాలిగా తేలేది మూర్ఛరోగం ఉన్న, మతిస్థిమితం లేని కార్మెన్. తనను కాదన్నాడన్న కోపంతో అక్క భర్తను కాల్చేసింది. ఊరంతా కుళ్లిపోయిందని మూడొందల పేజీలు చెప్పి, కుళ్లు మూలం ఒక అమ్మాయి పడక గదిలో ఉందని తేల్చడం విచిత్రమే. అవినీతి మీద రాసిన నవలలు అవినీతిపరుల్ని వదిలేసి ఆడపిల్లల్ని పట్టుకోవడం ఈ తరహాలో మామూలైపోయింది.

ఈ మూసలో ఇరుక్కున్నది ఆడవాళ్లే కాదు. 'మగతనం' కొలతకు తగని మగవాళ్లూ అదే బోనులో నిలబడ్డారు. 'ద మాల్టీస్ ఫాల్కన్'లో జోయెల్ కైరో అత్తరు పూసుకుని వస్తాడు. విజిటింగ్ కార్డు తెచ్చిచ్చే ఎఫీ అతని లైంగికత మీద ఒక వెక్కిరింత విసురుతుంది. స్పేడ్ చెంపదెబ్బ కొట్టి, కొడితే పడుండాలి, పైగా అది నచ్చాలి అంటాడు. సరిగ్గా భార్యను కొట్టే మొగుడి భాష. గట్‌మన్ వెంట తిరిగే కుర్రాడు విల్మర్‌ను ఉద్దేశించి 'గన్సెల్' అన్న మాట వాడతాడు హామెట్. తుపాకీ పట్టుకు తిరిగేవాడనుకుని షా దాన్ని అచ్చు వేశాడట. నిజానికి అది పెద్ద వయసు మగవాడు ఉంచుకున్న కుర్రాడికి వాడే వీధిమాట. ఎడిటర్ పప్పులో కాలేశాడు. తర్వాతి రచయితలు, సినిమావాళ్లూ అలాగే పొరబడటంతో ఆ మాటకు కొత్త అర్థం కూడా స్థిరపడిపోయింది. 'ద బిగ్ స్లీప్'లో బ్లాక్‌మెయిలర్ గైగర్ దగ్గరుండే కుర్రాడి గురించి మార్లో అనే మాటలైతే ఇవాళ చదవడానికే ఇబ్బంది. ఆడతనం ఎక్కడ కనబడినా అక్కడ అపాయమో అసహ్యమో ఉందన్నది ఈ కథల వ్యాకరణం.

ఈ భయం ఎక్కడిది? సాధారణంగా చెప్పే జవాబు చరిత్ర. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి మగవాళ్లు దెబ్బతిని తిరిగొచ్చారు. 1920లో అమెరికా స్త్రీలకు రాజ్యాంగ సవరణతో ఓటు హక్కు వచ్చింది. జుట్టు కత్తిరించుకుని, గౌను పొట్టి చేసుకుని, దొంగ బార్లలో మగవాళ్ల పక్కన కూర్చుని తాగే యువతి పత్రికల్లో బొమ్మై కూర్చుంది. ఆఫీసుల్లో టైప్‌రైటర్ల ముందు అమ్మాయిలు చేరారు. ఈ కంగారులోంచి మాయలాడి పుట్టిందంటారు. సబబైన మాటే, కానీ పూర్తి జవాబు కాదు. ఆమె అంతకు ముందే ఉంది. 1915లో 'ఎ ఫూల్ దేర్ వాజ్' అనే మూకీ సినిమాలో థీడా బారా వేసిన రక్తపిశాచి లాంటి స్త్రీ పాత్రతోనే 'వ్యాంప్' అన్న మాట ఊరూరా తిరిగింది. తెలుగు సినిమాల్లో దశాబ్దాల పాటు వాడిన 'వ్యాంప్ పాత్ర' అన్న మాట తాత అదే. మన విషకన్యల కథలు ఇంకా పాతవి. హార్డ్‌బాయిల్డ్ రచయితలు పాత బొమ్మకు కొత్త ఉద్యోగం ఇచ్చారు, అంతే.

చరిత్ర నేరుగా నవలగా మారిన సందర్భం ఒకటుంది, అక్కడ కొంచెం ఆగాలి. 1927 మార్చిలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ స్నైడర్ అనే పత్రికా కళా సంపాదకుడు ఇంట్లో హత్యకు గురయ్యాడు. భార్య రూత్, ఆమె ప్రియుడు జడ్ గ్రే కలిసి చేశారు. జడ్ గ్రే ఆడవాళ్ల కార్సెట్లు అమ్మే సేల్స్‌మన్. చంపడానికి ముందే భర్తకు తెలియకుండా భారీ బీమా పాలసీ తీసింది రూత్. ప్రమాదంలో పోతే రెట్టింపు సొమ్ము వచ్చే షరతు అందులో ఉంది. విచారణ జరిగినన్నాళ్లూ పత్రికలకు పండగ. ఆమెను గ్రానైట్ రాయి అన్నాయి, అతన్ని ఎటు వంచితే అటు వంగే పుట్టీ ముద్ద అన్నాయి. ఇద్దరూ కలిసి చేసిన హత్యలో ఆమె బుర్ర అయింది, అతను చెయ్యి మాత్రమే అయ్యాడు. 1928 జనవరి 12న సింగ్ సింగ్ జైల్లో ఇద్దరినీ విద్యుత్ కుర్చీ ఎక్కించారు. ఒక ఫొటోగ్రాఫర్ చీలమండకు కెమెరా కట్టుకుని లోపలికి వెళ్లి, కుర్చీలో ఉన్న రూత్ ఫొటో తీశాడు. న్యూయార్క్ డైలీ న్యూస్ మర్నాడు దాన్ని మొదటి పేజీ నిండా వేసింది. జడ్ గ్రే ఫొటో కోసం ఎవరూ కాలికి కెమెరా కట్టుకోలేదు.

జేమ్స్ ఎం. కెయిన్ ఈ కేసును తీసుకుని 'డబుల్ ఇండెమ్నిటీ' రాశాడు. 1936లో సీరియల్‌గా, 1943లో పుస్తకంగా వచ్చింది. 1944 సినిమాతో లోకమంతా తెలిసింది. భర్తను చంపించే ఫిలిస్ మాయలాడి పాత్రలకు కొలబద్ద అయిపోయింది. కానీ కథ చెప్పే బీమా ఏజెంట్ వాల్టర్ మాటలు జాగ్రత్తగా వింటే ఇంకో సంగతి బయటపడుతుంది. బీమా వ్యాపారాన్ని అతను జూదశాలతో పోలుస్తాడు. చక్రం తిప్పేవాడు రోజూ అక్కడే నిలబడి, దాన్ని ఎలా మోసం చేయొచ్చా అని రాత్రులు ఆలోచిస్తాడట. ఫిలిస్ తలుపు తీయక ముందే ఆ ఆలోచన అతనిలో ఉంది. ఆమె అడిగింది భర్తకు తెలియకుండా పాలసీ తీయడం కుదురుతుందా అని. రైలు ప్రమాదమైతే రెట్టింపు వస్తుందన్న లెక్క, ఎలా చేయాలన్న ప్లాన్, అంతా అతనిదే. అయినా దశాబ్దాలుగా ఈ కథను అందరూ 'ఆడదాని వలలో పడ్డ మగాడి కథ' అనే చెప్పుకుంటున్నారు. కెయిన్ రాసింది అది కాదు. జనం గుర్తుపెట్టుకున్నది అది. మూస ఒక్కోసారి పుస్తకంలో కన్నా చదివేవాడి తలలో గట్టిగా ఉంటుంది.

మంచి అమ్మాయిల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే రచయితలూ త్వరగానే కానిచ్చారు. వాళ్లు దాదాపు అంతా సెక్రటరీలు. స్పేడ్‌కు ఎఫీ, మిక్కీ స్పిలేన్ డిటెక్టివ్ మైక్ హామర్‌కు వెల్డా. లాయర్ కథలే అయినా అదే పత్రికా లోకం నుంచి వచ్చిన పెరీ మేసన్‌కు డెల్లా స్ట్రీట్. పనిలో దిట్ట, నమ్మకానికి మారుపేరు, రాత్రి ఎంతయినా ఫోన్ ఎత్తుతుంది. మేసన్ పెళ్లి మాటెత్తితే డెల్లా ఒప్పుకోదు. పెళ్లయితే ఇంట్లో కూర్చోవాలి, పని పోతుందన్నది ఆమె లెక్క. ఆ కాలానికి అంతకన్నా తెలివైన జవాబు లేదు. ఎఫీని మెచ్చుకోవాలనిపించినప్పుడు, నువ్వు భలే మగాడివమ్మా అంటాడు స్పేడ్. ఆడమనిషికి ఇచ్చే పెద్ద బిరుదు మగాడు అని పిలవడమే. ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ ఏ. ఏ. ఫెయిర్ పేరుతో 1939 నుంచి రాసిన నవలల్లో డిటెక్టివ్ ఏజెన్సీ యజమాని బెర్తా కూల్ అనే స్త్రీ. డబ్బు మనిషి, నోరు పెద్దది, భయం ఎరగదు. ఆమెను చాలా లావుగా, అందంతో సంబంధం లేనట్టుగా చూపించాక గానీ కుర్చీ ఇవ్వలేదు. పైగా అసలు బుర్ర పని అంతా ఆమె దగ్గర చేరిన చిన్నపాటి మగమనిషి డొనాల్డ్ లామ్‌ది.

ఇందులో ఒక వింత ఉంది. హామెట్ 1915లో బాల్టిమోర్‌లో పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాడు. అతని కథలకు అంత నిజం రుచి రావడానికి కారణం ఆ ఉద్యోగమే. అదే పింకర్టన్ 1856లోనే కేట్ వార్న్ అనే యువతిని డిటెక్టివ్‌గా తీసుకుంది. మగవాళ్లు దూరలేని చోట్లకు ఆడవాళ్లు వెళ్లగలరని వాదించి ఉద్యోగం సంపాదించిందామె. 1861లో లింకన్ మీద బాల్టిమోర్‌లో హత్యాయత్నం జరగబోతోందని అనుమానం వస్తే, ఆయన్ను రైల్లో జబ్బుపడిన తమ్ముడిగా నమ్మించి దాటించిన బృందంలో ఆమె ఉంది. అంటే నిజ జీవితంలో ఆడ డిటెక్టివ్ పుట్టి అరవై డెబ్బై ఏళ్లు గడిచాక వచ్చిన 'వాస్తవిక' కథల్లో ఆమెకు చోటు లేకపోయింది. వాస్తవికత అన్న మాటను ఈ విషయంలో కాస్త తగ్గించి వాడితే మంచిది.

ఆడవాళ్లు ఆ లోకంలో లేరా అంటే ఉన్నారు. షా వెళ్లిపోయాక 1936 నుంచి 1940 దాకా బ్లాక్ మాస్క్‌ను నడిపింది ఫానీ ఎల్స్‌వర్త్ అనే స్త్రీ. హామెట్, ఛాండ్లర్ శైలిని జీర్ణం చేసుకుని 1944లో లీ బ్రాకెట్ ఒక డిటెక్టివ్ నవల రాసింది. అది చదివిన దర్శకుడు హవర్డ్ హాక్స్, 'ద బిగ్ స్లీప్' సినిమా స్క్రిప్టు కోసం ఆ బ్రాకెట్ అనేవాణ్ని పిలవమన్నాడట. వచ్చింది అమ్మాయి. విలియం ఫాక్నర్‌తో పాటు ఆ స్క్రిప్టు రాసింది. మగ గొంతు మగాడికే వస్తుందన్న నమ్మకం ఒక్క ఇంటిపేరుతో కూలిపోయింది. 1943లో వెరా కాస్పరీ రాసిన 'లారా' ఇంకో దారి. లారా అనే అడ్వర్టైజింగ్ ఉద్యోగిని చనిపోయిందనుకుని, ఆమె ఎలాంటిదో మగవాళ్లు తలా ఒకటి చెబుతుంటారు. డిటెక్టివ్ ఆమె చిత్రపటం చూసి మనసు పారేసుకుంటాడు. అంతలో ఆమె ప్రాణాలతో ఇంటి తలుపు తీసుకుని లోపలికి వస్తుంది. బొమ్మ మీద వాళ్లు అల్లుకున్న కథలన్నీ అక్కడే నీళ్లు కారిపోతాయి.

1947లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి మిక్కీ స్పిలేన్ 'ఐ, ద జ్యూరీ'. డిటెక్టివ్ మైక్ హామర్ ప్రాణస్నేహితుణ్ని చంపినవాళ్లను తానే చంపుతానని శపథం చేస్తాడు. ఈలోగా షార్లెట్ అనే మానసిక వైద్యురాలిని ప్రేమించి పెళ్లికి సిద్ధపడతాడు. హంతకురాలు ఆమే. చివరి దృశ్యంలో అతను సాక్ష్యాలు ఒక్కొక్కటి చదువుతుంటే ఆమె ఒక్కొక్క బట్టా విప్పుతూ దగ్గరికి వస్తుంది. కడుపులో కాల్చేస్తాడు. ఎలా చేయగలిగావని ఆమె అడిగితే, తేలికే అంటాడు. హామెట్ ఎఫీ కోసం ఉంచిన చోటు ఇక్కడ లేదు. ఎవరి ముఖమూ పాలిపోదు. చదువుకుని, మనసుల్ని చదివే వృత్తిలో ఉన్న స్త్రీని చంపడం న్యాయంలా, పైగా సరదాలా అనిపించేట్టు రాశాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు ఆ పేపర్‌బ్యాక్‌ను లక్షల్లో కొన్నారు.

రెండోది డొరొతీ బి. హ్యూస్ 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్'. డిక్స్ స్టీల్ యుద్ధంలో విమానాలు నడిపి లాస్ ఏంజిలెస్ చేరిన కుర్రాడు. రాత్రిళ్లు ఒంటరిగా నడుస్తాడు, పొగమంచును ప్రేమిస్తాడు, ఆడవాళ్ల మీద చేదుగా ఆలోచిస్తాడు. అచ్చం మార్లో వారసుడిలా ఉంటాడు. అతను వరసగా యువతుల్ని గొంతు నులిమి చంపుతున్న హంతకుడు. పాఠకుడికి అతని బుర్రలోనే ఇల్లు అద్దెకిచ్చి, ఆ ఒంటరి మగాడి గొంతు లోపల్నుంచి ఎలా కుళ్లిందో చూపిస్తుంది హ్యూస్. పోలీసు స్నేహితుడు బ్రబ్ రోజూ పక్కన కూర్చుని మందు తాగుతూ కూడా ఏమీ కనిపెట్టలేడు. కనిపెట్టేది ఇద్దరు స్త్రీలు. ఒకరు బ్రబ్ భార్య సిల్వియా. ఇంకొకరు ఎర్ర జుట్టు నటి లారెల్, చూడటానికి అచ్చు మాయలాడే. మూస ప్రకారం మోసం చేయాల్సిన మనిషి ఇక్కడ నిజం బయటపెడుతుంది. 1950లో ఈ నవలను సినిమా తీసినప్పుడు హీరోను హంతకుడిగా ఉంచడానికి ధైర్యం చాల్లేదు, నిర్దోషిని చేసేశారు. స్పిలేన్ పేరు అందరికీ తెలుసు, హ్యూస్ పేరు చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

ఆడ ప్రైవేట్ డిటెక్టివ్ తన కథ తాను చెప్పుకోవడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 1977లో మార్షా మల్లర్ సృష్టించిన షరాన్ మెకోన్ వచ్చింది. 1982లో ఇద్దరు ఒకేసారి వచ్చారు. శారా పరెట్స్కీ పాత్ర వి. ఐ. వార్షాస్కీ షికాగోలో పెద్ద కంపెనీల మోసాలు తవ్వుతుంది. ఛాండ్లర్ వదిలేసిన ఎడ్డీ మార్స్ లాంటివాళ్లను ఆమె వదలదు. మార్లోకు లేనిది ఇంకోటి కూడా ఈమెకు ఉంది. దెబ్బలు తగిలితే కట్టు కట్టే డాక్టరు స్నేహితురాలు లాటీ. ఒంటరితనం డిటెక్టివ్‌కు తప్పనిసరి అర్హత కాదని తేలింది.

రెండో మనిషి స్యూ గ్రాఫ్టన్ రాసిన కిన్సీ మిల్‌హోన్. 'ఎ ఈజ్ ఫర్ అలిబై'లో ఒక లాయరు మీద మనసుపడుతుంది. అందగాడు, మాటకారి. హంతకుడు అతనే. పేరు చార్లీ. షార్లెట్ పాత్రను మగాడికి తొడిగితే ఎలా ఉంటుందో అలాగే ఉంటాడు. చివరికి రాత్రిపూట సముద్రం ఒడ్డున చెత్తడబ్బాలో దాక్కున్న కిన్సీని అతను వెతుక్కుంటూ వస్తాడు, ఆమె కాల్చేస్తుంది. ఇంతవరకు 1947 నాటి కథే, ఆడ మగ తారుమారయ్యారు. తేడా నవల మొదటి పేరాలోనే ఉంది. తన పేరు, లైసెన్సు, ముప్పై రెండేళ్ల వయసు, రెండు విడాకులు చెప్పుకున్నాక కిన్సీ ఇంకో సంగతి చెబుతుంది. మొన్న ఒక మనిషిని చంపానని, అది మనసు మీద బరువుగా ఉందని.